ఆగస్టు గడిలో చుక్క

మా అపార్టుమెంటులో పాత లిఫ్టు తీసేసి కొత్తది పెట్టాలని ఈ మధ్యే తీర్మానమైంది. పాతదానికి ముప్పై ఏళ్లు. రెండు జాలీ తలుపులు, రెండూ చేత్తో లాగాలి. ఒకటి సరిగ్గా పడకపోయినా కదలదు. పత్రికలో పని మానేసినవాడికి పొద్దు ఎలా గడుస్తుందని జాలిపడ్డారో ఏమో, అసోసియేషన్ కార్యదర్శి పదవి మూడేళ్లుగా నా మెడకే ఉంది. అందుకని కొత్త కంపెనీ నుంచి సర్వేకు వచ్చిన మనిషి నన్నే వెతుక్కుంటూ వచ్చాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. పాత సర్వీసు కార్డులు చూపించమన్నాడు.

అవి లిఫ్టు లోపల, మీటల పక్కన బిగించిన రేకు చట్రంలో ఒకదాని వెనక ఒకటి దోపి ఉంటాయి. ఏడాదికొక కార్డు, నెలకొక గడి. తేదీ, చేసిన పని, సంతకం. అతను ఆ కట్టను బయటికి లాగి, మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే తిరగేశాడు. ఒక కార్డు దగ్గర ఆగాడు.

"అన్ని నెలలకు సంతకాలున్నయ్ సార్. ఈ ఆగస్టు ఒక్కటే లేదు. ఆ నెల సర్వీస్ కాలేదన్నట్టు. రిపోర్టుల రాస్త, మీరు జెర సంతకం పెట్టాలె."

నేను కార్డు తీసుకుని చూశాను. వేరే సంగతి అడిగాను. ఇక్కడికి అల్వాల్ నుంచి బండి మీద ఒకాయన వచ్చేవాడు, ఏడాదిగా కనబడటం లేదు, ఎరుగుదురా అని.

"ఫ్యూజన్ననా? తెల్వకపోవుడేంది సార్. సికింద్రాబాద్‌ల లిఫ్టు పని చేసేటోళ్లందరికి తెలుసు. పోయిండు గదా, మొన్న వానాకాలంల. డ్యూటీ నుంచి ఇంటికొచ్చి, చాయ్ పెట్టమని చెప్పి కూసున్నడట. అంతే."

రిపోర్టు సంగతి రేపు చూద్దామని అతన్ని పంపేసి కార్డుల కట్టతో ఇంట్లోకి వచ్చాను.

ఆయన పేరు నేనిక్కడ రాయను. రాయవలసిన చోట రాయించాను.

ఇరవై ఏళ్లకు పైగా నెలకోసారి మా మెట్లు ఎక్కాడాయన. లిఫ్టు బాగుచేసే మనిషి వచ్చేటప్పుడు లిఫ్టు ఎక్కేవాడు కాదు. నాలుగు అంతస్తులూ నడిచి, ప్రతి అంతస్తులో ఆగి, తలుపు మీద అరచెయ్యి ఆనించి, పైకి పోయేవాడు. డాబా మీద మోటారు గది. అందులోకి వెళ్లగానే మొదట చేసే పని, మెయిన్ స్విచ్ దించి, మూడు పింగాణీ ఫ్యూజులు ఊడదీసి చొక్కా జేబులో వేసుకోవడం. ఆ తర్వాతే పానా పట్టుకునేవాడు. పని అయ్యేదాకా జేబు బరువుగా కిందికి వేలాడుతూ ఉండేది. వయసులో ఉన్నప్పుడు ప్యాట్నీ దగ్గర ఒక బిల్డింగులో పని చేస్తుంటే, లిఫ్టు ఎందుకు ఆగిందా అని వాచ్‌మన్ వచ్చి స్విచ్ ఎత్తేశాడట. పక్కనున్న దోస్తు మూడు వేళ్లు పోయాయి. "స్విచ్ ఎవడన్న ఎత్తుతడు సార్. నా జేబుల చెయ్యి మాత్రం ఎవడు పెట్టడు," అనేవాడు.

ఒకసారి ఆ జేబుతోనే వెళ్లిపోయాడు. రెండో అంతస్తులో ఉండే టీచరమ్మ అప్పుడే మోండా మార్కెట్ నుంచి రెండు సంచుల కూరలతో వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి, మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మెట్లెక్కలేదు. కిందే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను ఫోన్ చేస్తే బొల్లారంలో ఎవరింట్లోనో ఉన్నాడు. అరగంటలో వచ్చి, జేబులోంచి ఫ్యూజులు తీసి ఆవిడకు చూపించి తల వంచుకున్నాడు.

"చిల్లర అనుకున్న టీచరమ్మ. ఏందీ ఇంత బరువున్నదని చూస్తే మీ లిఫ్టే ఉన్నది జేబుల."

"లిఫ్టును జేబులో వేసుకుపోతే నేనేం కావాలి నాయనా? ఇక్కడే వంకాయలు తరుక్కుంటూ ఉండనా?" అంది ఆవిడ.

ఫ్యూజులు పెట్టడానికి పైకి వెళ్తూ ఆ రెండు సంచులూ మోసుకుపోయి ఆవిడ గుమ్మం ముందు పెట్టాడు. ఫ్యూజన్న అనే పేరు అంతకుముందే ఉందో, ఆ రోజు నుంచి మా వాచ్‌మన్ ద్వారా పాకిందో నాకు తెలియదు.

మోటారు శబ్దం వినడానికి ఆయనకు సాధనాలేమీ లేవు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అలా ఒక నిమిషం ఉండి "ఇంకో ఆర్నెల్లు గుంజుతది" అనేవాడు. సరిగ్గా ఏడో నెలలో ఆ బేరింగు మొరాయించేది. ఒకసారి కంపెనీ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని ఇద్దరు వచ్చి, సాయంత్రందాకా కుస్తీ పట్టి, కంట్రోల్ ప్యానెల్ మొత్తం మార్చాలన్నారు. మర్నాడు ఈయన వచ్చి మూడో అంతస్తు తలుపు లాచ్‌లో ఇరుక్కున్న జడపిన్ను తీశాడు. ఆ పిన్నును కార్డు చట్రం మీద పెట్టి, ఎవరిదో వాళ్లు తీసుకుంటారులే అన్నాడు. ప్యానెల్ గురించి ఒక్క మాట అనలేదు.

మెడలో ఐడీ కార్డు ఎప్పుడూ తిరగబడి ఉండేది. ఫోటో చొక్కా వైపు, తెల్లటి వీపు జనం వైపు. "తాడు మెలి పడ్డది సార్," అని సర్దుకునేవాడు. సర్దుకున్నాక కూడా అలాగే ఉండేది. ఒకరోజు ఎండకు చొక్కా తడిసి, కార్డు పక్కకు పెట్టి మొహం కడుక్కుంటుంటే నా కంట పడింది. పేరు కింద 'హెల్పర్' అని ఉంది. అప్పటికి ఆయన సర్వీసు ఇరవై మూడేళ్లు.

ఆ రోజే జీతం సంగతి వచ్చింది. చేతికి పద్దెనిమిది వేలు. ఆదివారాలు అల్వాల్‌లో నీళ్ల మోటార్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తే కొన్ని నెలల్లో దాదాపు జీతమంత వచ్చేది. కానీ ఆ డబ్బుకు కాగితం లేదు. ఇల్లు కట్టుకుందామని బ్యాంకుకు వెళ్తే జీతం స్లిప్పు చూసి, దాని మీద 'హెల్పర్' అన్న మాట చూసి, మేనేజరు చాయ్ తెప్పించి పంపేశాడట.

"లిఫ్టు ఆగినప్పుడు ఎవ్వరు అడగరు సార్ ఏం సదివినవని. నడిచినంక అడుగుతరు," అన్నాడు. కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

పదో తరగతి ఇంగ్లీషులో తప్పాడు. మళ్లీ రాసే లోపు తండ్రి మంచాన పడ్డాడు. పదహారేళ్లకే కంపెనీలో సామాన్లు మోసేవాడిగా చేరాడు. పని మొత్తం చూసి నేర్చుకున్నదే. కంపెనీ రూలు ప్రకారం పది పాసుకానివాడు ఎన్నేళ్లు చేసినా హెల్పరే. హెల్పర్ ఒంటరిగా సర్వీసుకు పోకూడదు. పోతే ఆ సర్వీసు లెక్కలోకి రాదు. కార్డు మీద సంతకం సర్టిఫికెట్టు ఉన్నవాడిది కావాలి. వాస్తవంలో ప్రతి నెలా ఈయన ఒక్కడే వచ్చేవాడు. మూడు నెలలకోసారి సర్వీస్ ఇంజనీరు కారులో వచ్చి, కింది అంతస్తు దాటకుండా మూడు గడుల్లో ఒకేసారి సంతకం పెట్టి పోయేవాడు. పాతికేళ్ల కుర్రాడు, డిప్లొమా. జీతం ఈయనకు రెండింతలు. మూడు సంతకాలూ ఒకే సిరాతో ఉంటే తనిఖీలో అనుమానం వస్తుందని ఈయన జేబులో రెండు పెన్నులు ఉంచుకునేవాడు. ఒకటి నీలం, ఒకటి నలుపు. రెండూ ఇంజనీరుకు అందించడానికే. ఆ పెన్నులతో ఆయన ఏదైనా రాయగా నేను చూడలేదు.

"ఆ పిల్లగాడు మంచోడే సార్. నన్ను అన్న అనే పిలుస్తడు," అనేవాడు.

ఆయనకు యాభై దాటాక కంపెనీలో ఒక సర్క్యులర్ వచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసు ఉండి, పది పాసైన మెమో జులై ఆఖరులోగా చూపించిన హెల్పర్లకు టెక్నీషియన్ గ్రేడు ఇస్తామని. జీతం పది వేలు పెరుగుతుంది. కార్డు మీద సంతకం పెట్టే అధికారం వస్తుంది. ఆయన ఈ రెండూ చెప్పిన వరుస నాకు గుర్తుంది. సంతకం సంగతే ముందు చెప్పాడు.

ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టాడు. లెక్కలు, సైన్సు తనే చూసుకుంటానన్నాడు. ఇంగ్లీషుకు టీచరమ్మను అడగమంటే తల అడ్డంగా ఊపాడు.

"ఆమె నన్ను నాయనా అంటది సార్. ఆమె ముందట తప్పులు రాసుడు నాతోని గాదు. మీరైతే పేపర్ల పని చేసిండ్రు, ఎంతమంది తప్పులు చూసుంటరో."

అలా ఎండాకాలం పరీక్షలకు ముందు నాలుగు నెలలు, ఆదివారం పొద్దున మోటారు గదిలో మా చదువు సాగింది. ఆ గంటసేపు లిఫ్టు ఆపి, ఫ్యూజులు జేబులోనే ఉంచుకునేవాడు, అలవాటు కొద్దీ. లిఫ్టు మీటల పక్కన రాసి ఉండే మాటలన్నీ ఆయనకు తప్పు లేకుండా వచ్చు. మాక్సిమమ్, పర్సన్స్, ఓవర్‌లోడ్, ఎమర్జెన్సీ. వాటి మధ్య వేయవలసిన చిన్న మాటలే రావు. అందుకని ఎక్కువ మార్కులున్న లేఖారచన మీద పడ్డాం. అది నాకు చేతనైన విద్య. పత్రికలో చాలా ఏళ్లు పాఠకుల ఉత్తరాల పేజీ నేనే చూశాను. రోజూ సంచెడు ఉత్తరాలు వచ్చేవి. పేరూ చిరునామా లేనివాటిని చదవకుండానే బుట్టలో వేసేవాళ్లం. ఆ అలవాటే ఆయనకూ నేర్పాను.

"ఉత్తరం ఎంత బాగున్నా కింద పూర్తి పేరు, చిరునామా, సంతకం లేకపోతే దానికి విలువ లేదండీ. అది మాత్రం మరిచిపోవద్దు," అన్నాను. ఒక్కసారి కాదు, ప్రతి ఆదివారం అన్నాను.

ఇంగ్లీషులో సంతకం ఆయనకు లేదు. జీతం రిజిస్టరులో తెలుగులో పొడి అక్షరాలు పెట్టేవాడు. పది రోజులు కూర్చుని సంతకం తయారుచేసుకున్నాడు. మొదటి అక్షరం పెద్దగా, చివర ఒక సాగతీత, దాని కింద గీత. పాత కరెంటు బిల్లుల వెనక బారులు బారులుగా పెట్టుకుని వచ్చి చూపించాడు. మనిషి మొహంలో అంత శ్రద్ధ నేను బేరింగు వినేటప్పుడు తప్ప చూడలేదు.

పరీక్ష అయిన వారానికి సర్వీసుకు వచ్చాడు. పని ముగించి, సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి కింది నుంచి లిఫ్టు ఎక్కాడు. నేనూ ఎక్కాను. టీచరమ్మ చర్చి నుంచి వచ్చి మాతోపాటే ఎక్కింది.

"లెటరొచ్చింది సార్," అన్నాడు తలుపులు లాగుతూ. "కాలనీల వీధిలైట్లు ఎలుగుతలేవని మున్సిపాలిటీకి రాయమన్నడు. నాకు తెల్వని సంగతా? ఏ ఫేజు పోయి ఉంటదో సుత రాసిన."

"కింద?"

"మీరు చెప్పినట్లే. ఇంటిపేరుతోని పూరా పేరు, ఇంటి నంబరు, అల్వాల్, పిన్ కోడ్. సంతకం మాత్రం మస్తు పడ్డది సార్. కాయిదం అటు దిక్కు సుత కనబడ్డది."

బాగుందన్నాను. రెండో అంతస్తు వచ్చింది. టీచరమ్మ దిగి, తలుపు వేయకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"నాయనా, జవాబు పేపర్లో నీ అసలు పేరే రాశావా?"

"మరెవరిది రాస్త టీచరమ్మ?"

ఆవిడ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. "మీరు చెప్పలేదా అండీ? ఉత్తరం కింద ఎక్స్, వై, జెడ్ అనైనా పెట్టాలి, ప్రశ్నలో ఇచ్చిన పేరైనా పెట్టాలి. పేపరు ఎవరిదో దిద్దేవాళ్లకు తెలియకూడదు. పేరు కనబడితే కాపీ కింద లెక్క, పక్కన పడేస్తారు. ఎనిమిదో తరగతి నుంచి పిల్లలకు ఇది చెప్తూనే ఉంటాం."

హాల్ టికెట్టు వెనక చిన్న అక్షరాల్లో ఆ సూచనలన్నీ ఉన్నాయని తర్వాత చూశాను. నలభై ఏళ్లు ఇతరుల రాతల్లో పొరపాట్లు పట్టినవాణ్ణి, ఆ కాగితం తిరగేసి చూడలేదు.

ఎవరూ కదల్లేదు. తలుపు తెరిచి ఉంటే లిఫ్టూ కదలదు. చివరికి ఆయనే అన్నాడు.

"తలుపు ఏసుకోండ్రి టీచరమ్మ. పైన ఎవరో బటన్ కొట్టి నిలబడ్డరు."

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. మిగతావన్నీ పాస్. లెక్కల్లో మంచి మార్కులు. ఇంగ్లీషు ఎదురుగా, ఫలితం నిలిపివేశామని ఉంది. నేను బోర్డుకు వినతిపత్రం రాశాను. దాని కింద ఆయన ఇంగ్లీషు సంతకం పెట్టాడు. అక్కడ అది చెల్లుతుంది కాబట్టి పెట్టవచ్చు. జులై దాటాక జవాబు వచ్చింది. ఈసారికి క్షమించామని, ఆ ఒక్క పేపరు వచ్చే విడత రాసుకోవచ్చని. కంపెనీలో గడువు అప్పటికే ముగిసింది. గడువు పెంచమని అడగడానికి వెళ్తే, ఇక మీదట హెల్పర్లందర్నీ ఒక కాంట్రాక్టరు కిందికి మారుస్తున్నామని చెప్పారట.

నేను క్షమాపణ చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఆయన చెప్పనివ్వలేదు. "మీరేం చేస్తరు సార్. మీ పేపర్ల రూలు వేరే, వాళ్ల పేపర్ల రూలు వేరే," అని ఒకసారి నవ్వాడు. ఇంకోసారి మాట మార్చి, మూడో అంతస్తు గడప దగ్గర పలక ఊడిందని చెప్పాడు.

ఆ ఆగస్టులో వాన పడుతున్న రోజున సర్వీసుకు వచ్చాడు. నేను డాబా మీదికి వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాను. లిఫ్టు ఉక్కు తాళ్లు తుడిచాడు. బ్రేకు బిగించాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. కానీ ఆ రోజు బేరింగు ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పలేదు. ఫ్యూజులు జేబులోంచి తీసి పెట్టి, నాతోపాటు కిందికి దిగాడు.

చట్రంలో కార్డు ముందుకు వచ్చి ఉంది. జులై, ఆగస్టు, సెప్టెంబరు గడులు ఖాళీ. ఇంజనీరు సెప్టెంబరు ఆఖర్లో గానీ రాడు.

"ఈ నెలది మీరే పెట్టండి," అన్నాను. "ఎవరు చూస్తారు?"

ఆయన నా వైపు చూసి, జేబులోంచి నీలం పెన్ను తీశాడు. టోపీ విప్పాడు. చేతులు రెండూ ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఎడమ చేత్తో కార్డును గోడకు అదిమి, ఆగస్టు గడిలో పెన్ను ఆనించాడు. అలా ఎంతసేపు ఉన్నాడో చెప్పలేను. కాగితం సిరా కొద్దిగా పీల్చుకునేంతసేపు. తర్వాత తీసేశాడు.

"వద్దు సార్."

"ఎందుకు?"

"నేను పెడితే ఈ నెల సర్వీస్ కానట్టే. రేపు ఏమన్న అయితది అనుకోండ్రి. టీచరమ్మ ఉన్నప్పుడు తాడు జారింది అనుకోండ్రి. ఇన్సూరెన్సోడు అడిగేది ఈ కార్డే. హెల్పర్ సంతకం చెల్లదు అంటడు. నా ఖుషీ కోసం ఆమెను పరేషాన్ చేసుడు ఎందుకు?"

పెన్ను టోపీ పెట్టి జేబులో వేసుకున్నాడు. ఐడీ కార్డు తాడు సర్దుకున్నాడు. అది ఎప్పటిలాగే తిరగబడి ఉంది.

సెప్టెంబరు ఆఖర్లో ఇంజనీరు వచ్చినప్పుడు నేను గేటు దగ్గరే ఉన్నాను. జులై గడిలో నీలంతో పెట్టి, ఆగస్టు దగ్గర ఆగి, "అన్నా, ఈ చుక్క ఎవరు పెట్టిండ్రు?" అన్నాడు.

"పెన్ను రాస్తదో రాయదో అని చూసిన సార్," అన్నాడాయన, నలుపు పెన్ను అందిస్తూ.

ఆ కుర్రాడు ఆయన మొహం ఒకసారి చూశాడు. ఏమర్థమైందో నాకు తెలియదు. ఆగస్టు గడి వదిలేసి సెప్టెంబరులో నల్ల సిరాతో సంతకం పెట్టి, కారెక్కి వెళ్లిపోయాడు. ఆ గడి గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ఇంగ్లీషు పేపరు ఆయన మళ్లీ రాయలేదు. రాయండి అంటే "రాస్త సార్, చలికాలం పోనీ" అనేవాడు. చలికాలాలు పోయాయి. కాంట్రాక్టరు కింద జీతం ఒక వెయ్యి తగ్గింది. బిల్డింగులు పెరిగాయి. చివర్లో ప్రతి అంతస్తులోనూ ఆగేవాడు, తలుపు మీద చెయ్యి ఆనించడానికి కాదు, ఊపిరి తీసుకోవడానికి. లిఫ్టులో రండి అంటే, నడిస్తేనే తలుపుల్లో తేడా తెలుస్తుందనేవాడు. పోయిన ఏడాది వానల తర్వాత వేరే మనిషి రావడం మొదలుపెట్టాడు. పాతాయన ఏడని నేను అడగలేదు. వేరే ఏరియాకు వేశారనుకున్నాను. వార్తలు సేకరించి బతికినవాణ్ణి, ఆ ఒక్క వార్త అడగలేదు.

ఆ సర్వే మనిషి మర్నాడు పొద్దున మళ్లీ వచ్చాడు. కార్డుల కట్ట ఇచ్చాను. రిపోర్టు ఇప్పుడు కాగితం మీద కాదు, ఫోన్‌లో నింపాలి. నేను చివర వేలితో సంతకం గీస్తే చాలు.

"ఆగస్టు సర్వీస్ కాలేదని పెడుతున్న సార్."

"అయింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను."

"సంతకం లేదు గద సార్."

"చుక్క ఉంది, చూడండి."

అతను కార్డును వెలుతురు వైపు తిప్పి చూశాడు. సిరా వెలిసి, ఆవగింజంత మరక. ఫోన్‌లో వెనక్కి జరిపి 'కాలేదు' అన్నది తీసేశాడు.

"సరే సార్. ఎవరు చేసిండ్రో రాయాలె."

పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరం, ఆయన కరెంటు బిల్లుల వెనక రాసుకున్న వరుసలోనే. అతను టైపు చేస్తూ సగంలో ఆగి, "ఫ్యూజన్న అసలు పేరు ఇదా," అన్నాడు. మళ్లీ టైపు చేశాడు.

"కింద గ్రేడు అడుగుతున్నది సార్. హెల్పరా, టెక్నీషియనా? రెండే ఉన్నయ్. ఖాళీ వదిలితే ముందటికి పోదు."

టెక్నీషియన్ అని పెట్టమన్నాను. అతను వేలితో నొక్కాడు. ఏ సర్టిఫికెట్టూ అడగకుండా తర్వాతి పేజీ వచ్చింది.